మామిడిపిందె కాబోయి

ఆషాఢం వస్తే మా అవ్వ పెరట్లో గోరింటాకు దూసి, కాస్త చింతపండు వేసి రోట్లో రుబ్బేది. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు. అంతే మాకు తెలిసిన డిజైను.

ఈసారి నేనే కోను పట్టాలనుకున్నా. తిరుపతి గాంధీ రోడ్డులో తిరుగుతుంటే ఒక అంగట్లో ‘గంటలో నల్లగా పండుతుంది’ అని ఒకటి అంటగట్టారు. మోచేతి దగ్గర చుక్క పెట్టి చూస్తే మర్నాటికి ఎర్రగా దద్దు, ఒకటే దురద. అసలు గోరింటాకు నల్లగా పండదు కదా! నలుపు కోసం జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారట కొందరు. కోను నేరుగా చెత్తబుట్టలోకి.

తర్వాత ఉత్త పొడి తెచ్చా. పలచటి గుడ్డలో జల్లించి (లేకపోతే మొన దగ్గర నలక అడ్డం పడుతుంది), నిమ్మరసం, చక్కెర, నాలుగు చుక్కల నీలగిరి తైలం కలిపి రాత్రంతా నాననిచ్చా. కోను మొన మాత్రం ఒక పిసరు ఎక్కువ కత్తిరించా. ఇక చూడండి, గీత గీస్తే జిలేబీ!

ఆరు గంటలుంచి, నీళ్లు తగలకుండా గీరేశా. నారింజ రంగు చూసి ఉసూరుమన్నా. రెండో రోజుకి అరచేయి ముదురు ఎరుపు, చేతి వెనకవైపు మాత్రం కొంచెం వెలిసినట్టే.

చెల్లెలు చేయి తిప్పి తిప్పి చూసింది.

“అక్కా, ఈ వంకాయ బాగుంది.”

మామిడిపిందె మేయ్ అది!