నా లెన్స్‌కు పట్టిన పసుపు

నిన్న సాయంత్రానికి నా పాత 50 ఎం.ఎం. కెమెరా లెన్స్‌కు పట్టిన పసుపు రంగు వదిలింది. ఆ సంతోషం, అంతకుముందు పడిన అవమానం రెండూ చల్లారకముందే రాస్తున్నాను.

కొనడంలో ఇబ్బందేమీ లేదు. తెల్ల కాగితం మీద పెట్టి చూస్తేనే తెలిసింది, గాజులోంచి కాగితం తేనె రంగులో కనిపిస్తోందని. తుడిచాను, పోలేదు.

రిపేరు చేసే పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్లడమే నా పొరపాటు. ఆయన లెన్స్‌ను వెలుతురుకు ఎత్తి ఒక్క క్షణం చూసి, "అద్దాలు అతికించిన జిగురు ముదిరిపోయిందండీ, విప్పాలి" అన్నారు. "గాజులో థోరియం ఉండటం వల్ల కావచ్చునండీ, దానికి రేడియో ధార్మికత ఉంటుంది కదా" అన్నాను కాస్త నసుగుతూ. ఆయన లెన్స్‌ను బల్ల మీద పెట్టి, "ఒరేయ్, దూరం జరగరా, సారు బాంబు తెచ్చారు" అన్నారు పక్కనున్న కుర్రాడితో. దుకాణంలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే ఇప్పటికీ మండుతోంది.

రేడియో ధార్మికతను పసిగట్టే గైగర్ కౌంటర్‌ను స్నేహితుడి దగ్గర అరువు తెచ్చి వెనక గాజుకు ఆనించాను. ఆగకుండా చిటపటలాడింది! 1940ల నుంచి 1970ల దాకా కొన్ని లెన్సుల గాజులో థోరియం ఆక్సైడ్ కలిపేవారు. అలాంటి గాజు కాంతిని బాగా వంచుతుంది, రంగులను పెద్దగా విడదీయదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల నుంచి ఫొటోలు తీసిన కొడక్ ఏరో ఎక్టార్ లెన్స్‌లోనూ అదే. థోరియం నుంచి వెలువడే కిరణాల తాకిడికి ఏళ్ల తరబడి ఎలక్ట్రాన్లు చెదిరి గాజులోని లోపాల్లో చిక్కుకుంటాయి, నీలి కాంతిని మింగేస్తాయి. అతినీలలోహిత కాంతి తగిలితే విడుదలవుతాయి. జిగురుకు ఇందులో పాత్రే లేదు.

అతినీలలోహిత కాంతినిచ్చే ఎల్ఈడీ దీపం కింద, అడుగున అల్యూమినియం రేకు పరిచి, 5 రోజులు ఉంచాను. దీపం వైపు నేరుగా చూడకండి. ఎండలో పెట్టమని చెప్పేవారి మాట నేను వినలేదు: వేడికి గ్రీజు పలచబడి లోపలికి వచ్చే వెలుతురును అదుపు చేసే అపర్చర్ రేకుల మీదికి పాకుతుంది, పైగా లెన్స్ భూతద్దమై ఏదో ఒకటి అంటించవచ్చు. మామూలుగా ఫొటోలు తీసుకోవడానికి భయం లేదు కానీ, ఆ గాజును ఎవరి చేతా అరగదీయించకండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

ఇవాళ అదే దుకాణానికి వెళ్లి, అదే బల్ల మీద తెల్ల కాగితం పరిచి లెన్స్ పెట్టాను. ఆయన తిప్పి తిప్పి చూసి, "గాజు ఎక్కడ మార్పించారండీ?" అన్నారు.