ఒక ముక్క ఎక్కువ

ఆదివారం, రాత్రి

పొద్దున కాఫీ అవగానే నాన్న రికార్డుల పెట్టె అటక మీంచి దింపాను, కంప్యూటర్లోకి ఎక్కిద్దామని. వెస్ట్ మాంబళం ఉక్కకి అట్టలన్నీ బూజు వాసన. అన్నిటికంటే పైన ఘంటసాల పద్యాల ఎల్పీ. నాన్న ఉన్నన్నాళ్లూ ఆదివారం ఇది మోగాల్సిందే.

పోయిన నెల దీన్నే కడగకుండా పెట్టేసి, చిటపటలు తర్వాత కంప్యూటర్లో తీసేద్దామనుకున్నాను. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో నాయిస్ రిడక్షన్ కాస్త గట్టిగా పట్టించేసరికి చిటపటలతో పాటు గొంతులో జీవమూ పోయింది. బిందెలో తలపెట్టి పాడినట్టు తయారైంది. అందుకే ఈసారి ముందు స్నానం.

డిస్టిల్డ్ వాటర్లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. మధ్యలో లేబుల్ తడవకుండా, మెత్తటి బ్రష్‌తో, గాడి తిరిగిన దారినే తుడవాలి. ఒకచోట ఆవగింజలో సగమంత గట్టి మచ్చ, ఏనాటి పాయసం చుక్కో. గోటితో గీకాలని చెయ్యి లాగింది గానీ ఆగాను. పది నిమిషాలు నానితే అదే కరిగింది. (తాతయ్యవి 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు, కూడా ఉన్నాయి. అవి లక్కవి, స్పిరిట్ తగిలితే పాడైపోతాయి, సూదీ వేరే కావాలి. ఇంకో ఆదివారం చూద్దాం.)

అన్నీ కలిపితే స్పీకర్లో గుయ్యిమని 50 హెర్ట్జ్ హమ్. అరగంట వెతికితే దొరికింది: రిచీ స్ట్రీట్‌లో కొన్న ఫోనో ప్రీయాంప్ వెనక, గ్రౌండ్ తీగ స్క్రూ వదులు. ఆ డబ్బా లేకుండా నేరుగా కలిపితే పాట పీలగా, కీచుగా వస్తుంది. గాడి కోసేటప్పుడే బాస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు కదా, దాన్ని తిరగేసేది ఇదే. రికార్డింగ్ నాణ్యత 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ పెట్టాను. ఎంత గట్టిగా పాడినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకున్నాను. ఒక్క వైపుకే దాదాపు 700 ఎంబీ!

ఫ్యాను ఆపేశాను, దాని ఊగుడు బల్లలోంచి సూదికి ఎక్కుతుందని. చెమటలు. అమ్మ సోఫాలో ఊపిరి బిగబట్టి, మంచినీళ్లకి కూడా సైగలే.

"మాట్లాడొచ్చమ్మా, ఇక్కడ మైకు లేదు. నడవకు, అంతే."

నమ్మలేదు. కాసేపటికి ఉండబట్టలేక పద్యం అందుకుంది, అదీ గుసగుసగా.

సరిగ్గా ఆ మచ్చ ఉన్నచోటికి వచ్చేసరికి అమ్మ ఒక మాట దాటి ముందుకెళ్లిపోయింది. రికార్డు వెనకే ఉండిపోయింది. సూది ఒక గాడి దాటేస్తే ఒక చుట్టు పోయినట్టే, నిమిషానికి 33⅓ చుట్ల స్పీడులో 1.8 సెకన్లు. గణం తప్పినా సరే, అమ్మ ఇన్నేళ్లూ ఆ 1.8 సెకన్లు లేని పద్యమే పాడుతోంది.

ఆగి, నా వైపు అనుమానంగా చూసింది. ఈసారి మామూలు గొంతుతోనే అడిగింది.

"ఏమిట్రా, మధ్యలో ఒక ముక్క ఎక్కువొచ్చింది? మళ్లీ పెట్టు."