జపాన్‌లో షుంబున్ సెలవు: ఎర్ర అంకె చూసి టికెట్లు కొనకండి

జపాన్‌లో పగలూ రాత్రీ సమానమయ్యే రెండు రోజులూ జాతీయ సెలవులే. మార్చిలో వచ్చేది షుంబున్, సెప్టెంబరులోది ష్యూబున్. 1948 జాతీయ సెలవుల చట్టం వీటికి తేదీ పెట్టలేదు. జాతీయ ఖగోళ పరిశోధన కేంద్రం లెక్కగట్టి, ముందటేడాది ఫిబ్రవరిలో గెజెట్‌లో వేయిస్తుంది. మార్చి 20 లేదా 21, సెప్టెంబరు 22 లేదా 23 అవుతుంది. ఆదివారం పడితే సోమవారం సెలవిస్తారు. శనివారం పడితే అంతే సంగతులు. 2026 సెప్టెంబరు మాత్రం పండగే: 21 వృద్ధుల దినం, 23 ష్యూబున్, మధ్యలో చిక్కిన 22 కూడా సెలవే. శని, ఆదివారాలతో కలిపి ఐదు రోజులు.

షుంబున్, ష్యూబున్‌లకు అటు మూడు, ఇటు మూడు రోజులు కలిపి ‘హిగన్’ అంటారు. పెద్దల సమాధులు కడిగి పూలు పెట్టే వారం. సెప్టెంబరు హిగన్ మన మహాలయ పక్షం రోజులకు దగ్గర్లోనే వస్తుంది. షాపుల్లో అమ్మే ఓహగి తిరగేసిన పూర్ణంబూరె లాంటిది, అన్నం లోపల, తీపి ఎర్రబీన్స్ ముద్ద పైన. శాకాహారులూ తినొచ్చు. ఫ్రిజ్‌లో పెడితే అన్నం గట్టిపడుతుంది, ఆ రోజే తినేయాలి.

ఈ సెలవు రోజున వార్డు ఆఫీసు, బ్యాంకు కౌంటర్లు ఉండవు. రైళ్లు చాలాచోట్ల సెలవురోజు టైంటేబుల్‌తో నడుస్తాయి. డ్యూటీ ఉన్నవాళ్లు ముందురోజే చూసుకోవాలి.

డ్యూటీ ఎందుకుంటుందంటే, జాతీయ సెలవు ఇచ్చి తీరాలని ప్రైవేటు కంపెనీలకు చట్టం చెప్పదు. వారానికో రోజు, లేదా నాలుగు వారాల్లో నాలుగు రోజులు ఇస్తే చాలు. కార్ల ఫ్యాక్టరీలు చాలావరకు ఇలాంటి విడి సెలవుల్లో పనిచేయించి, మే, ఆగస్టు, ఏడాది చివర్లో వరసగా ఇస్తాయి. కాబట్టి కంపెనీ క్యాలెండర్ అడిగి తీసుకోండి.

జీతంలో 35 శాతం అదనం చట్టబద్ధమైన వారపు సెలవున పనిచేస్తేనే. షుంబున్ నాడు పనిచేసినంత మాత్రాన అది రాదు. రోజుకు 8 గంటలు, వారానికి 40 దాటితే 25 శాతం. వారపు సెలవున రమ్మంటే ఇంకో మెలిక ఉంది. ముందే ఆ సెలవును ఇంకో రోజుకు జరిపి రాసిస్తే అది ‘ఫురికాయే’, 35 శాతం రాదు. పని చేయించుకున్నాక ఇచ్చే సెలవు ‘దైక్యూ’, అదనం ఇవ్వాల్సిందే. ఫురికాయే వేరే వారంలోకి జరిగి ఈ వారం 40 గంటలు దాటితే 25 శాతం అడగొచ్చు. పేస్లిప్‌లో తరచూ తప్పేది ఇదే.