పయ్యా మొక్కకు రెండు వేసవులు

మన నవోదయలో, అంటే జవహర్ నవోదయ విద్యాలయ అనే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడిలో, తొమ్మిదో తరగతికి వచ్చామంటే అందరి నోటా ఒకటే మాట, మైగ్రేషన్. క్లాసులో ముప్పై శాతం మంది ఒక ఏడాదిపాటు హిందీ ప్రాంతంలోని నవోదయకు వెళ్ళాలి, అక్కడి పిల్లలు మన దగ్గరికి రావాలి. 2001లో మా బ్యాచ్ వాళ్ళం వెళ్ళింది కుమావున్ కొండలకు. ఆ రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పేరు ఉత్తరాంచల్. ఉత్తరాఖండ్ అన్న పేరు 2007లో వచ్చింది. ఢిల్లీలో రాత్రి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాఠ్‌గోదాం. రైలు పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. ఆ పైన అంతా బస్సే, అంతా మలుపులే.

ఆ ఏటి చపాతీల గురించి, చలి గురించి, హిందీ గురించి మా వాళ్ళు మన పూర్వ విద్యార్థుల ఈ సంచికలోనే రాస్తున్నారని తెలుసు. నేను ఒక చెట్టు గురించి రాస్తాను.

అక్కడివాళ్ళు దాన్ని పయ్యా అంటారు. హిమాలయాల అడవి చెర్రీ. మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే పద్మకం ఈ చెట్టు నుంచి వచ్చేదే. సుమారు 1,200 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో పెరుగుతుంది. బెరడు రాగి రంగులో నిగనిగలాడుతూ, అడ్డంగా పొరలు పొరలుగా ఊడుతుంది. మిగతా చెట్లన్నీ చలికి సిద్ధమయ్యే అక్టోబరు, నవంబరు నెలల్లో ఇది గులాబీ రంగు పూలు పూస్తుంది. కొండల్లో తేనెటీగలకు వేరే పూలు పెద్దగా దొరకని కాలం అది. పెళ్ళి పందిరికి దీని కొమ్మలు కట్టడం అక్కడి ఆచారం. పవిత్రమైన చెట్టని పొయ్యిలోకి కొట్టరు. పళ్ళు చిన్నవి, పుల్లన. మనుషులకంటే పిట్టలకే ఎక్కువ ఇష్టం. అవి తిని ఎక్కడ వదిలితే అక్కడ మొలుస్తుంది.

అలా డైనింగ్ హాల్ వెనక రాతి గోడ మొదట్లో ఒకటి మొలిచింది. నడుం ఎత్తు మొక్క. ఆ గోడ విప్పి కొత్తది కట్టబోతున్నారు, అంటే మొక్క పోయినట్టే. ఆకు రాల్చే చెట్లను అవి నిద్రపోయే కాలంలోనే తీసి మార్చాలని బయాలజీ సర్ చెప్పారు. కానీ గోడ పని అంతదాకా ఆగదు. వానాకాలంలో గాలి తేమగా ఉంటుంది, ఆకుల నుంచి నీరు పోవడం తగ్గుతుంది, జాగ్రత్తగా తీస్తే బతుకుతుంది అన్నారు. రోజు కూడా కలిసొచ్చింది. జూలై మధ్యలో, కర్కాటక సంక్రమణం నాడు, కుమావున్‌లో హరేలా పండగ. దానికి ముందే బుట్టలో నవధాన్యాల్లాంటి గింజలు మొలకెత్తించి, పండగ రోజు ఆ పసుప్పచ్చ మొలకలు కోసి పెద్దవాళ్ళు పిల్లల తలమీద పెట్టి దీవిస్తారు. ఆ రోజు ఏదో ఒక మొక్క నాటడం వాళ్ళకు మామూలు.

పని నేర్పింది మాత్రం స్కూలు మాలీ. అందరూ ఆయన్ని దాజ్యూ అనేవాళ్ళు. అంటే అక్కడ అన్నయ్య అని. ఆయన ముందు గొయ్యి తవ్వించాడు, ఆ తర్వాతే మొక్క దగ్గరికి తీసుకెళ్ళాడు. వేళ్ళు బయటపడ్డాక గొయ్యి తవ్వుతూ కూర్చుంటే సన్న వేళ్ళు ఆరిపోతాయి. నీళ్ళు తాగేది ఆ సన్న వేళ్ళే, లావు వేళ్ళ పని ముఖ్యంగా నిలబెట్టడం. గొయ్యి వెడల్పుగా ఉండాలి, లోతుగా కాదు. వాలు మీద చోటు ఎంచాడు, ఎందుకంటే చెర్రీ జాతికి వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే పడదు.

మొక్క చుట్టూ దూరంగా గుండ్రంగా తవ్వి, అడుగున పార పోనిచ్చి, మట్టిగడ్డతో సహా తడి గోనెపట్టా మీదకు జరిపాం. కాండం పట్టుకుని ఎత్తబోయిన వాణ్ణి దాజ్యూ గట్టిగా కేకేశాడు. "బరువంతా మట్టిది. మెడ పట్టుకుంటే వేళ్ళు తెగుతాయి బేటా!" నలుగురం గోనె నాలుగు మూలలూ పట్టుకుని నడిచాం. గోతిలో దించాక పార కర్రను అడ్డంగా పెట్టి చూశాడు. పాత చోట మట్టి కాండం మీద ఎక్కడిదాకా ఉందో, కొత్త చోటా అక్కడికే రావాలి. కాండం మట్టిలో పూడిపోతే బెరడు కుళ్ళుతుంది. గోతిలో పేడ వెయ్యనివ్వలేదు. తవ్విన మట్టినే తిరిగి పోసి, నీళ్ళు పోస్తూ గాలి బుడగలు పోయేలా అదిమాడు. బాంజ్ (అక్కడి ఓక్) చెట్ల కింది ఆకుమట్టి పైన పరిచి, దాని మీద పైన్ సూదులు కప్పాడు. కాండం చుట్టూ జానెడు మాత్రం ఖాళీగా వదిలాడు. సగం ఆకులు తుంచేయమన్నాడు. అది చేయడానికి మాకు చేతులు రాలేదు. వేళ్ళు తగ్గాయి కాబట్టి తాగే నోళ్ళు కూడా తగ్గాలి అన్నాడు. రెండు పక్కలా కర్రలు పాతి, పాత గుడ్డపీలికతో వదులుగా కట్టాం. కాస్త ఊగితేనే కాండం గట్టిపడుతుందట. మేకలు రాకుండా చుట్టూ కిల్మోడా ముళ్ళకంప.

కొన్నాళ్ళకు మిగిలిన ఆకులు కూడా పసుపెక్కి రాలాయి. డార్మిటరీలో అందరికీ టెన్షన్. దాజ్యూ వచ్చి ఒక చిన్న కొమ్మ మీద గోరుతో గీకి చూపించాడు. లోపల పచ్చగా ఉంది. పీకి చూడొద్దు, రోజూ గీకనూ వద్దు, చెర్రీకి గాయమైతే బంక కారుతుంది అన్నాడు. నవంబరులో కొండ మీది పెద్ద పయ్యాలు విరగబూశాయి. మాది మాత్రం మోడుగానే నిలబడింది. జనవరిలో మంచు పడ్డ రాత్రుల తర్వాత నేల ఉబ్బి మొక్క మొదట్లో మట్టి పైకి లేచేది. పొద్దున ఎండ వచ్చాక దాన్ని కాలితో మెల్లగా అదిమేవాళ్ళం. చలికాలం ముగిసేసరికి చిగుళ్ళు వచ్చాయి.

అసలు గండం అప్పుడు మొదలైంది. ఏప్రిల్ వచ్చేసరికి కొండల్లో నీళ్ళకు కటకట. ఊటబావుల నుంచి జనం బిందెలతో మోసుకునేవాళ్ళు. మొక్క పైకి ఎంత కళగా కనిపించినా, తీసి నాటినది కొత్త మట్టిలో బాగా వేళ్ళూనుకోవడానికి ఏడాదికి పైనే పడుతుంది. అందాకా దానికి ముఖ్యమైన ఆధారం ఆ మట్టిగడ్డే. అది ఆరితే అంతే. అక్కడ పనికొచ్చింది మా కనిగిరి వైపు పద్ధతి. మెట్టలో మామిడి మొక్కల పక్కన మట్టికుండ మెడదాకా పాతి నీళ్ళు నింపుతారు. కుండ గోడల గుండా నీరు కొద్దికొద్దిగా ఊరుతుంది, వేళ్ళు దాని చుట్టూ అల్లుకుంటాయి, ఎండకు ఆవిరయ్యేది తక్కువ. మెస్ సామాన్లు వచ్చే బండిలో కొండ కింది ఊరు హల్ద్వానీ నుంచి కుండ తెప్పించి, మట్టిగడ్డ అంచున పాతి, మూతిమీద పలకరాయి పెట్టాం. దాజ్యూ మొదటి రోజు అనుమానంగా చూశాడు. తర్వాత వారమే ఆపిల్ మొక్కలకు కూడా కుండలు కావాలని అడిగాడు.

పరీక్షలయ్యాక మేం వచ్చేశాం. మా తర్వాత వెళ్ళిన మన జూనియర్లు రెండో వేసవిలోనూ ఆ కుండ నింపారు. ఆ చెట్టు బతికిందంటే, గొయ్యి తవ్విన మాకంటే వాళ్ళకే ఎక్కువ రుణపడి ఉంది. వాళ్ళ పేర్లు కూడా నాకు సరిగా తెలియవు. చాలా ఏళ్ళకు ఒక నవంబరులో నైనీతాల్ వెళ్ళినప్పుడు పని పెట్టుకుని ఆ స్కూలుకు వెళ్ళాను. చెట్టు డైనింగ్ హాల్ కప్పు దాటింది, నిండా పూసింది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఈసారి పూర్వ విద్యార్థులం కలిసినప్పుడు మన క్యాంపస్‌లో ప్రతి బ్యాచ్ పేరున ఒక మొక్క నాటాలని వాట్సాప్ గ్రూపులో అనుకున్నాం. చాలా సంతోషం. చెర్రీ మన ఎండలకు ఆగదు, దాన్ని అడగొద్దు. వేప, కానుగ, నేరేడు చాలు. ఆగస్టులో కాకుండా అక్టోబరులో నాటుదాం. మనవైపు ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే మొదలవుతాయి. నర్సరీలో ఆరడుగుల మొక్క చూసి ముచ్చటపడకుండా నడుం ఎత్తుది తీసుకుందాం. చిన్నది త్వరగా కుదురుకుంటుంది. ఒక్కోదానికి ఒక కుండ.

ఇక మే, జూన్ నెలలు. సరిగ్గా అప్పుడే పిల్లలంతా సెలవులకు వెళ్ళిపోతారు, క్యాంపస్ ఖాళీ. అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని పిల్లల హౌసులకు (జట్లకు) పంచినా ఆ రెండు నెలలు నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు. అందుకని రెండు వేసవులకు ఒక మనిషిని కూలికి పెట్టి, ఆ డబ్బు నాటే రోజే పక్కన పెడదామని నా ప్రతిపాదన. శిలాఫలకానికి అనుకున్న డబ్బు దీనికి మళ్ళిస్తే సరిపోతుంది. మొదటి వేసవి ఖర్చు నేను ఇస్తాను. రెండోదానికి ఎవరు ముందుకొస్తారో గ్రూపులో చెప్పండి.