మొదటి మాట వాళ్లది

మా నాన్న పోయినప్పుడు తెనాలిలో మా ఇంటి వరండాలో కూర్చుని పన్నెండు రోజులు ఒకే ప్రశ్నకి జవాబు చెప్పాను. "ఎలా జరిగిందమ్మా?"

అడిగినవాళ్లంతా మామీద ప్రేమున్నవాళ్లే. రాత్రి పదకొండింటికి ఛాతీలో నొప్పన్నారు, ఆటో దొరకలేదు అని మొదలుపెట్టేదాన్ని. మూడో రోజుకల్లా నా గొంతు నాకే వార్తలు చదువుతున్నట్టు వినిపించింది. అంతా విన్నాక వాళ్లు అనేది కూడా ఒకటే: "పోన్లే, మంచాన పడకుండా పోయారు, అదృష్టవంతులు." నేను తలూపేదాన్ని. తలూపడం కూడా ఒక పనే అని అప్పుడే తెలిసింది.

చాలా ఏళ్ల తర్వాత, న్యూజెర్సీలో మా పక్కింటి యూదు పెద్దావిడ భర్త పోయారు. ఖననమైన సాయంత్రం నేనూ ఆమె ఇంటికి వెళ్లాను. ఆ రోజు నుంచి ఏడు రోజులు ఆమె ఇల్లు కదలదు. దాన్ని షివా అంటారు, హీబ్రూలో ఏడు అని అర్థం. గుమ్మం బయట నీళ్ల కూజా పెట్టి ఉంది. శ్మశానం నుంచి వచ్చి మనం కాళ్లు కడుక్కుంటాం, వాళ్లు చేతులు కడుక్కుంటారు. తలుపుకి గడియ వెయ్యలేదు, బెల్లు కొట్టే పని లేదు. హాల్లో అద్దం మీద తెల్లటి దుప్పటి కప్పారు. ఆమె పొట్టి పీట మీద కూర్చుని ఉంది. వేసుకున్న స్వెటర్ కుడివైపు అంచు జానెడు చిరిగి ఉంది. అది చిరిగింది కాదు, దుఃఖానికి గుర్తుగా చించింది. భర్తకి కాబట్టి కుడివైపు. తల్లికో తండ్రికో అయితే ఎడమవైపు, గుండె మీద చించుతారు. మిగతావాళ్ల కోసం చించినదాన్ని నెల దాటాక బాగుచేసి కుట్టుకోవచ్చు. తల్లిదండ్రుల కోసం చించిన చోట మాత్రం పైపైన నాలుగు కుట్లు వేసుకోవచ్చు గాని, మునుపటిలా అతికేట్టు ఎన్నటికీ కుట్టకూడదట. ఈ నియమం విన్న రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

లోపల ఎవరూ ఎవర్నీ పలకరించుకోవడం లేదు. నేను కూర్చున్నాను, అలవాటు ప్రకారం నోరు తెరిచాను. "ఎలా" అన్నానో లేదో, పక్కనున్నావిడ నా మోకాలి మీద మెల్లగా చెయ్యి వేసింది. ఆపేశాను.

ఆ చెయ్యి వెనక ఓ పాత నియమం ఉంది. యూదుల పాత ధర్మచర్చల గ్రంథం తాల్ముద్‌లో రబ్బీ (మతగురువు) యోహానాన్ అంటాడు: దుఃఖంలో ఉన్నవాడు నోరు విప్పేదాకా, ఓదార్చడానికి వచ్చినవాళ్లు ఒక్క మాటా మాట్లాడకూడదు. ఆయన దీనికి ఆధారంగా చూపించేది యోబు గ్రంథం. పిల్లలంతా పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వస్తారు. మన తెలుగు బైబిల్లో ఆ వచనం ఇలా ఉంటుంది: "అతని బాధ అత్యధికముగా నుండెనని గ్రహించి యెవరును అతనితో ఒక్క మాటయైనను పలుకక రేయింబగళ్లు ఏడు దినములు అతనితోకూడ నేలను కూర్చుండిరి." ఆ తర్వాతే యోబు నోరు తెరుస్తాడు. స్నేహితులు మాట్లాడేది ఆ తర్వాతే.

ఆ ముగ్గురూ ఆ ఏడు రోజులతో లేచి వెళ్లిపోయి ఉంటే ఎంత బాగుండేదో! వెళ్లలేదు. నువ్వేదో పాపం చేసుంటావు, అందుకే ఇలా అయిందని పేజీలకి పేజీలు కారణాలు చెప్పారు. చివర్లో దేవుడే వాళ్లమీద కోపగించుకుంటాడు. మా వరండాకి వచ్చినవాళ్లు అంత దూరం వెళ్లలేదు లెండి.

ఈ నియమం చెప్పిన యోహానాన్ అంటే నాకు ఇష్టం పుట్టింది మాత్రం ఆయన దాన్ని తప్పిన చోట. మూడో శతాబ్దంలో గలిలయ సముద్రం ఒడ్డున తిబెరియలో పెద్ద గురువాయన. పదిమంది కొడుకుల్ని పోగొట్టుకున్నాడు. పదో వాడి ఎముక ఒకటి దగ్గర పెట్టుకుని తిరిగేవాడట. శిష్యుడు ఎలాజార్‌కి జబ్బు చేస్తే చూడ్డానికి వెళ్లాడు. చీకటి గదిలో పడుకుని ఎలాజార్ ఏడుస్తున్నాడు. మన గురువుగారు వెంటనే మొదలుపెట్టాడు. ఎందుకేడుస్తున్నావు, ఎక్కువ చదవలేకపోయాననా? ఎంత చదివావన్నది కాదు, మనసు దేవుడి మీద ఉంటే చాలు. డబ్బు లేదనా? అందరికీ చదువూ సంపదా అని రెండు విస్తళ్లు దొరకవు. పిల్లలు లేరనా? ఇదిగో, ఇది నా పదో కొడుకు ఎముక.

మూడు ఊహలూ తప్పే. ఎలాజార్ అన్నాడు: "ఇంత అందమైన మీ దేహం మట్టిలో కలిసిపోతుందే అని ఏడుస్తున్నాను." అప్పుడు యోహానాన్, "అవును, దానికి ఏడవాల్సిందే" అన్నాడు. ఇద్దరూ కలిసి ఏడ్చారు. ఆ తర్వాత గురువు అడిగాడు: "నీ బాధలు నీకు ప్రియమైనవా?" "అవీ వద్దు, వాటికొచ్చే పుణ్యమూ వద్దు." "అయితే చెయ్యి ఇలా ఇవ్వు." చెయ్యి ఇచ్చాడు, గురువు లేపి కూర్చోబెట్టాడు.

బాధకి పుణ్యం వస్తుందన్న మాటని ఇంత సూటిగా వద్దనే జవాబు ఓ పవిత్ర గ్రంథంలో ఉంటుందని నేననుకోలేదు. ఇదే చోట ఇంకో ముక్క ఉంది. యోహానాన్‌కే జబ్బు చేసినప్పుడు రబ్బీ హనీనా వచ్చి ఇలాగే చెయ్యి ఇచ్చి లేపుతాడు. అందర్నీ లేపేవాడు తనంతట తాను లేవొచ్చు కదా అని తాల్ముదే అడిగి, తానే చెప్తుంది: ఖైదీ తనని తాను చెరసాల నుంచి విడిపించుకోలేడు.

చివరికి ఆయన్ని ఎవరూ విడిపించలేకపోయారు కూడా. ప్రాణస్నేహితుడు, లకీష్ కొడుకు రేష్ లకీష్‌తో ఓ రోజు చర్చలో మాట జారాడు. ఆ గాయంతో అతను మంచం పట్టి పోయాడు. గురువు కుంగిపోతుంటే ఊరట కోసం ఈ ఎలాజార్‌నే పంపారు. ఎలాజార్ ఆయనేది చెప్పినా "మీరు చెప్పింది సరే, దీనికి ఆధారముంది" అనేవాడు. యోహానాన్‌కి ఒళ్లు మండింది. నేనో మాటంటే రేష్ లకీష్ ఇరవై నాలుగు అభ్యంతరాలు చెప్పేవాడు, నేను ఇరవై నాలుగు జవాబులిచ్చేవాణ్ని, నేను సరిగ్గా చెప్పానని నాకు తెలీదా ఏంటి అన్నాడు. బట్టలు చింపుకుంటూ, "ఎక్కడున్నావు, లకీష్ కొడకా" అని ఏడుస్తూ తిరిగాడు. నలభై ఏళ్లు కాపురం చేసినవాళ్ల ఇళ్లలో వినిపించేదీ ఇదే. పోయినవాళ్లతో పాటు రోజూ కాదనే గొంతు పోతుంది.

షివా ఇంట్లో మొదటి భోజనం ఆ ఇంటివాళ్లు వండుకోకూడదు, బయటివాళ్లే తేవాలి. చావింట్లో పొయ్యి వెలిగించకుండా ఇరుగుపొరుగు అన్నం తెచ్చే మనవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. ఆమె ముందు పెట్టింది ఉడికించిన గుడ్లు, మసూర్ పప్పు. మసూర్ ఎందుకంటే గింజకి నోరు లేదట. మిగతా గింజలకున్న చీలిక దానికి కనపడదు. దుఃఖంలో ఉన్నవాడికీ నోరుండదు. బైబిల్లో యాకోబు ఎర్రగా వండిన మసూర్ కూడా తాత అబ్రాహాము పోయిన రోజు తండ్రి కోసమేనని రబ్బీలు చెప్తారు. మన తెలుగు బైబిల్ దాన్ని చిక్కుడుకాయల వంటకం చేసేసింది, నోరు లేని గింజ సంగతి అక్కడ పోయింది.

వెళ్లేటప్పుడు "వెళ్లొస్తాను" అనకూడదని మనకి తెలుసు, ఏమనాలో తెలీదు. వాళ్లకో వాక్యం ఉంది: సీయోను, యెరూషలేములకై దుఃఖించే మిగతా వారందరి మధ్య ఆ చోటు నిన్ను ఓదార్చుగాక. "చోటు", హమాకోమ్, అది దేవుడి పేర్లలో ఒకటి. నాకా హీబ్రూ నోరు తిరగలేదు. ఊరికే లేచి వచ్చేశాను.

ఏడో రోజు ఉదయం షివా ముగిశాక, ఆనవాయితీ ప్రకారం ఆమె వీధి చుట్టూ ఓసారి నడవడానికి బయల్దేరింది. కాలిబాట మీద మంచు గట్టిపడి ఉంది. నేను చెయ్యి అందిస్తే పట్టుకుంది. మా కారు దాకా వచ్చి ఆగింది.

"నీ టైరు ఎప్పుడూ గీత మీదే ఉంటుందని మా ఆయన రోజూ సణిగేవాడు, తెలుసా?"

తెలీదన్నాను.

"ఇవాళ కూడా గీత మీదే ఉంది, చూడు" అంది.