సంఘాలన్నీ కలిసి సమాఖ్య పెట్టుకుంటే...

కర్ణాటకలోని తెలుగు సంఘాలన్నిటికీ కలిపి ఒక రాష్ట్ర సమాఖ్య ఉండాలన్న మాట బెంగళూరు ఉగాది సభల్లో తరచూ లేస్తుంటుంది. అధ్యక్షుడెవరో, లోగో ఎలా ఉండాలో ముందే తేలిపోతాయి. బైలా, అంటే సంఘం నడిచే నియమావళి, మాత్రం ఏదో కాలనీ సంఘానిది తెచ్చి పేరు మార్చేస్తారు. అది మనుషుల కోసం రాసుకున్న బైలా. సమాఖ్యలో సభ్యులు సంఘాలు. చిక్కంతా అక్కడే.

ఈ చిక్కును చాలాకాలంగా సర్దుకుంటూ వస్తున్నది కాలిఫోర్నియా కౌంటీల సంఘం. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. దాన్ని నడిపేది ఎన్నికైన సూపర్‌వైజర్ల బోర్డు. ఉన్నవి 58 కౌంటీలు. లాస్ ఏంజెలెస్ కౌంటీ జనాభా కోటికి దగ్గర, ఆల్పైన్ కౌంటీది వెయ్యి పైచిలుకు. అయినా సంఘం డైరెక్టర్ల బోర్డులో దేనికైనా ఒక్కటే సీటు. దానికి తోడు కౌంటీలను నగర, శివారు, గ్రామీణ జట్లుగా విడదీసి అధ్యక్ష పదవిని ఆ మూడింటి మధ్య తిప్పుతారు. అమెరికా జాతీయ కౌంటీల సంఘం దారి వేరు: అక్కడ చందాను బట్టి ఓట్లు.

చందాను బట్టి ఓట్లంటే మన దగ్గర బెంగళూరు సంఘాలే అన్నీ మింగేస్తాయి. బళ్ళారి, కోలారు, రాయచూరు వాళ్ళు రెండో ఏడాదికే రావడం మానేస్తారు. సంఘానికో ఓటు పద్ధతే మేలు. దాని రోగం దానికీ ఉంది: ఎన్నికల ముందు కాగితం సంఘాలు పుట్టుకొస్తాయి. కనీసం మూడేళ్ళ క్రితం రిజిస్టరై, గత రెండేళ్ళ ఆడిట్ లెక్కలు రిజిస్ట్రారుకు ఇచ్చినట్టు చూపించిన సంఘానికే ఓటు అని రాస్తే చాలావరకు ఆగుతుంది.

అందరూ మరిచేది ప్రతినిధి నిబంధన. సొంత సంఘంలో పదవి పోయి ఏళ్ళు గడిచినా సమాఖ్యలో కుర్చీ వదలని పెద్దమనుషులు ఎక్కడైనా ఉంటారు. సొంత కార్యవర్గంలో స్థానం పోయిన రోజే ఇక్కడి సీటూ ఖాళీ అవుతుందని, 30 రోజుల్లో తీర్మానం నకలుతో కొత్త పేరు పంపాలని రాయండి. సంఘం చీలి రెండు వర్గాలూ రెండు లేఖలు పంపితే? 1960 నాటి కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 13వ సెక్షన్ ప్రకారం వార్షిక సర్వసభ్య సమావేశమైన 14 రోజుల్లో కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఆ జాబితాలో ఉన్నవాళ్ళ లేఖే చెల్లుతుందని ముందే బైలాలో పెట్టుకుంటే తగువు మన గుమ్మం దాకా రాదు. (హోసూరు సంఘాలను చేర్చుకుంటే వాటికి తమిళనాడు 1975 చట్టం వర్తిస్తుంది, అక్కడి కాగితాలే అడగాలి.)

కోరం, అంటే సభ చెల్లడానికి కావలసిన కనీస హాజరు, తలల లెక్కన పెట్టకండి. సభ బెంగళూరులో అయితే ఊళ్ళోవాళ్ళతోనే నిండిపోతుంది. మూడో వంతు సంఘాలు, అందులో బెంగళూరు బయటివి కనీసం మూడు అంటే న్యాయంగా ఉంటుంది.

ఇంకొకటి: అదే చట్టం 25వ సెక్షన్ కింద సభ్యుల్లో మూడో వంతు అడిగితే రిజిస్ట్రారు విచారణ జరిపి తీరాలి. పదిహేను సంఘాల సమాఖ్యలో అయిదు చాలు. కాబట్టి సభ్యత్వ రిజిస్టరులో సంఘం పేరు ఉండాలా, ప్రతినిధి పేరా అన్నది రిజిస్ట్రేషన్‌కు వెళ్ళే ముందే తేల్చుకుని, మెమొరాండంలోనూ (సమాఖ్య పేరు, ఆశయాలు తెలిపే స్థాపన పత్రం) బైలాలోనూ ఒకేలా రాయించండి.