ఎలక్ట్రోలైట్ ఎందుకు తరిగిపోతోంది: నా ప్రాజెక్టు అనుభవం

భీమవరం వైపు తెల్లవారుజామున కరెంట్ పోతే రొయ్యల రైతుకు టెన్షనే. ఆ వేళకి చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గి ఉంటుంది, ఏరేటర్లు ఆగకూడదు. డీజిల్ జనరేటర్ బదులు పగటి సోలార్ కరెంట్‌ని రాత్రికి దాచుకోవచ్చు కదా అని ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఫ్లో బ్యాటరీ తీసుకున్నాను. ఇందులో శక్తి నిలవుండేది ట్యాంకుల్లోని ద్రావణాల్లో, వాటినే ఎలక్ట్రోలైట్ అంటాం. ఎక్కువ గంటలు కావాలంటే ట్యాంకులు పెంచితే చాలు. నీటి ద్రావణం కాబట్టి అంటుకుంటుందన్న భయం లేదు.

ముందు వెనేడియం అనే లోహపు ద్రావణం అనుకున్నాం. 1980ల్లో ఆస్ట్రేలియాలో మరియా స్కిల్లాస్-కజాకోస్ బృందం రూపొందించిన రకం ఇది. చిక్కల్లా వేడితోనే. మామూలుగా వాడే గాఢతలో, 40 డిగ్రీలు దాటితే పాజిటివ్ వైపు వెనేడియం పెంటాక్సైడ్‌గా విడిపోయి అడుక్కి దిగుతుంది. మే నెలలో రాజమండ్రి ఎండ 40 దాటడం మామూలే! పైగా వెనేడియం ఖరీదు.

"క్వినోన్లు చూడమ్మా" అన్నారు మా గైడ్ మేడం. ఇవి ఎలక్ట్రాన్లను తీసుకుని తిరిగి ఇవ్వగల కార్బన్ ఆధారిత అణువులు. 2015లో హార్వర్డ్ వాళ్లు క్షార ద్రావణంలో ఒక వైపు డైహైడ్రాక్సీ ఆంత్రాక్వినోన్ అనే క్వినోన్, రెండో వైపు ఫెర్రోసయనైడ్ పెట్టి 1.2 వోల్టులు సాధించారు. పేరులో సయనైడ్ ఉందని నాన్న కంగారుపడ్డారు. అందులో సయనైడ్‌ని ఇనుము గట్టిగా పట్టి ఉంచుతుందని, బలమైన ఆమ్లం తగలనివ్వకపోతే చాలని చెప్పాను. ఫెర్రోసయనైడ్ పొటాషియం లవణం ఒక్కటే కరగాల్సినంత కరగలేదు. సోడియం లవణం కూడా కలిపాక మెరుగైంది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. కెపాసిటీ తగ్గుతూ వచ్చింది. రెండు ద్రావణాల్ని వేరుచేసే పొర (మెంబ్రేన్) గుండా క్వినోన్ అవతలికి పోతోందా, లేక అణువే పాడవుతోందా? తేల్చడానికి రెండు వైపులా క్వినోన్‌నే, ఒక వైపు ఎక్కువగా పోసి సెల్ నడిపాం. అటూ ఇటూ ఒకటే పదార్థం కాబట్టి దాటిపోవడం లెక్కలోకి రాదు. అయినా తగ్గింది. చార్జ్ చేసి కదపకుండా ఉంచినా తగ్గింది. అంటే ఎన్నిసార్లు చార్జ్, డిశ్చార్జ్ చేశామన్నదాని కంటే చార్జ్ అయిన స్థితిలో ఎంతసేపు ఉందన్నదే ముఖ్యం. ఆ స్థితిలో క్వినోన్ కొంత ఆంత్రోన్ అనే, చార్జ్ దాచలేని వేరే పదార్థంగా మారిపోతుంది. అందుకే పూర్తిగా చార్జ్ చేయకుండా కొంచెం ముందే ఆపడం మొదలుపెట్టాం.

నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఇంకోటి ఉంది. చార్జ్ అయిన ద్రావణానికి గాలి తగిలితే ఆ చార్జ్ కాస్తా పోతుంది, అందుకే పొద్దస్తమానం నైట్రోజన్ పంపుతుంటాం. అదే పూర్తిగా డిశ్చార్జ్ చేశాక గాలి బుడగలు పంపిస్తే ఆంత్రోన్ కొంత మళ్లీ క్వినోన్‌గా మారుతుంది, అచ్చం చెరువుకి ఏరేటర్ ఊపిరి పోసినట్టు. ఆంత్రోన్ అణువులు కొన్ని జంటలుగా అతుక్కుపోతాయి, అవి మాత్రం తిరిగి రావు.

అందుకే ఇప్పుడు అణువునే మార్చాలని చూస్తున్నాం. ఫాస్ఫోనేట్ గుంపులు తగిలించిన క్వినోన్ పీహెచ్ 9 దగ్గరే, అంటే అంత ఘాటు క్షారం లేకుండానే పనిచేస్తుందని, రోజుకు 0.014 శాతమే తగ్గుతుందని 2019లో హార్వర్డ్ బృందమే చూపించింది. వోల్టేజీ కొంత తక్కువ, అయినా నాకు మన్నికే కావాలి. దాన్ని మా ల్యాబ్‌లోనే తయారుచేసి, మా ఎండాకాలపు వేడిలో పరీక్షించే పనిలో ఉన్నాం మేడమూ నేనూ.